మాట తీసేసి పాట ఉంచారు

మా పల్లె చర్చిలో క్వాయరుకి మా పెదనాయనే పెద్ద. వారంలో ఆరు రోజులూ ఊళ్ళో ఆసామి దగ్గర పాలేరు. కోడి కూయకముందే లేచి గొడ్లచావిట్లో పేడెత్తేవాడు, అరక కట్టేవాడు. ఏడో రోజు తెల్లపంచె కట్టుకుని చర్చిలో నిలబడితే వేరే మనిషి. మిషన్ బోర్డింగు స్కూల్లో అయిదో తరగతి దాకా చదివాడు. అక్కడే సోల్ఫా నేర్చుకున్నాడు. సోల్ఫా అంటే సంగీతాన్ని గీతల మీద చుక్కలుగా కాకుండా డో, రే, మీ అనే పేర్లతో అక్షరాల్లో రాసుకునే పద్ధతి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ అనే పాస్టరు దీన్ని మామూలు జనంలోకి తెచ్చాడు. మిషనరీలు దేశదేశాలకీ మోసుకెళ్ళారు. అట్లా అది మా పెదనాయన చేతికొచ్చింది.

ఆయన మమ్మల్ని నాలుగు వరసల్లో నిలబెట్టేవాడు. ఆడపిల్లలు పైగొంతు. పెద్దాడోళ్ళు దాని కింద. కుర్రాళ్ళు మూడోది. అందరికంటే అడుగున బేస్. నాకు పద్నాలుగో ఏట గొంతు మారింది. అప్పటినుంచీ పెదనాయన పక్కనే నిలబడి బేస్ పాడాను. "నీ గొంతొక్కటే నీకు వినపడతందంటే నువ్వు తప్పు పాడతన్నట్టేరా" అనేవాడు. సంగీతం గురించి నాకెవరూ అంతకంటే ఎక్కువ చెప్పలేదు.

పెదనాయన కోతల పండక్కి ఒక పాట కట్టాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ పాడతారు. 2014లో మా చర్చికి నూరేళ్ళు నిండితే సావనీరు వేశారు. ఆయన గురించి ఒక పేజీ రాయమని నన్నడిగారు. నేను "మాలపల్లెలో పుట్టి" అని మొదలుపెట్టాను. అచ్చయి వచ్చాక చూస్తే "పల్లెలో పుట్టి" అని ఉంది. పేరుంది. ఫొటో ఉంది. పాట మొత్తం ఉంది. ఆ రెండక్షరాలే లేవు.

కమిటీ వాళ్ళని అడిగాను. "క్రీస్తులో కులమేంది మాస్టారూ? మహిమ దేవుడిదే గదా" అన్నాడు ఒక పెద్దాయన. ఇంకొకాయన నన్ను పక్కకి తీసుకెళ్ళి మెల్లగా అసలు సంగతి చెప్పాడు. "మావోడిది రిజర్వేషన్ ఉద్యోగం. చర్చి పుస్తకంలో మన పేర్లూ కులమూ పక్కపక్కన అచ్చేస్తే, రేపు ఎవడన్నా పట్టుకుపోయి ఆఫీసులో పెడితే?"

ఆయన భయం ఉత్తుత్తి భయం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని తేల్చింది. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితుడు గడప బయటే ఉండిపోయాడు. ఊళ్ళో మాత్రం వాడు ఏ దేవుణ్ణి మొక్కినా మాలోడే, మాదిగోడే. 1985లో కారంచేడులోనూ, 1991లో చుండూరులోనూ చంపినవాళ్ళు ఎవరి బాప్తిస్మ సర్టిఫికెట్టూ అడగలేదు. అందుకే మా పల్లెల్లో ఒకే మనిషికి రెండు రాతలు. చర్చి రిజిస్టర్లో ఒకటి, మండలాఫీసు కాగితంలో ఒకటి. నా సొంత కాగితాల్లో ఏముందో ఇక్కడ రాయడం లేదు. రాయలేకపోవడమే నేను చెప్పబోయే విషయంలో ఒక భాగం.

అప్పటికి నోరు మూసుకున్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ నోరు తెరిపించినవాడు 16వ శతాబ్దపు పోర్చుగీసువాడు, విసెంతె లుసితానో.

మా చిన్నమ్మాయి ఇంగ్లండులో నర్సు. 2023లో ఒకరోజు డ్యూటీ దిగి ఫోనుకి ఒక పాట పంపింది. "నాన్నా, ఇది రాసినాయన మనలాంటోడంట. విను" అని కింద రాసింది. చెవిలో పెట్టుకుని విన్నాను. హార్మోనియం లేదు, డోలక్ లేదు, ఏ వాయిద్యమూ లేదు. వట్టి గొంతులు. లాటిను మాటలు, ఒక్కటీ అర్థం కాలేదు. అయితే బేస్ పాడినోడికి ఎక్కడికి పోయినా బేసే ముందు వినపడుద్ది. దాన్ని పట్టుకుని పైకి పోయాను. నాలుగు గొంతులు లెక్కబెట్టాను, అయిదు, ఆరు... ఎనిమిది ఉన్నాయి. ఒకటి మొదలుపెట్టిన మాటని ఇంకోటి అందుకుంటోంది. అది పూర్తిచేసేలోపు మూడోది పైనుంచి దిగుతోంది. ఎవరూ ఎవర్నీ తొక్కడం లేదు.

పాడినవాళ్ళు మేరియన్ కన్సార్ట్ అనే బ్రిటిష్ బృందం. 2007లో రోరీ మెక్లీరీ ఏర్పాటు చేశాడు. కొద్దిమందే ఉంటారు. 16వ శతాబ్దపు పాటా పాడతారు, ఇవాళ బతికున్న స్వరకర్తల చేత కొత్తవి రాయించుకునీ పాడతారు. వీళ్ళకి పాటే వృత్తి. మాది తీరిక దొరికితే పాడే క్వాయరు. ఒక పాట నేర్చుకోడానికి నెల పట్టేది. నలభైమందిలో ఒకడు తప్పు పాడినా కొట్టుకుపోయేది. ఇట్లాంటి బృందాల్లో ఒక్కో గొంతుకీ ఒకరో ఇద్దరో ఉంటారు. తప్పు పాడితే దాక్కోడానికి చోటుండదు. కాగితం చూడగానే పాడగలగాలి. అందుకు ఏళ్ళ తరబడి సాధన కావాలి. సాధనకి తీరిక కావాలి, తీరికకి తిండి కావాలి. అందుకే వాళ్ళకి కచేరీకింత అని డబ్బిస్తారు. పెదనాయన గొంతుకి ఈ లోకంలో ఎవరూ ఒక్క పూట కూలి ఇవ్వలేదు.

వాళ్ళు పాడిన ఆ పాట పేరు ఇన్‌వియొలాతా. మరియమ్మ మీద లాటిను స్తుతి. 1521లో చనిపోయిన జోస్కాన్ అప్పటి యూరప్ సంగీతంలో అందరికంటే పెద్ద పేరున్నవాడు. ఆయన ఈ మాటల్నే అయిదు గొంతులకు కట్టాడు. లుసితానో ఆ కట్టడాన్ని తీసుకుని ఎనిమిది గొంతులకు పెంచాడు. గురువుకి దండం పెడుతూనే, నీకంటే మూడు గొంతులు ఎక్కువ నడపగలనని చూపించడం ఇది. 2022లో ఆ బృందం ఒక ఆల్బమ్ మొత్తం లుసితానో పాటలతోనే తెచ్చింది.

ఇంకో సంగతి విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. ఆ కాలంలో ఇట్లాంటి పాటల్ని అన్ని గొంతులూ కలిపి ఒకే పుస్తకంగా అచ్చేసేవాళ్ళు కాదు. ఒక్కో గొంతుకీ ఒక్కో పుస్తకం. బేస్ పాడేవాడి పుస్తకంలో బేస్ మాత్రమే ఉంటుంది. పక్కవాడు ఏం పాడతాడో వినాల్సిందే తప్ప చూడ్డానికి లేదు. పుస్తకాలన్నీ దొరికితేనే పాట లేస్తుంది. ఒక్కటి పోయినా కుంటిదే. ఇవాళ పాడేవాళ్ళకంటే ముందు ఎవరో కూర్చుని ఆ విడివిడి పుస్తకాల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి రాయాలి. అంటే ఈ బృందాల పని గొంతుతోనే మొదలవదు, వెతుకులాటతో మొదలవుతుంది.

ఇక ఆ మనిషి కథ.

పోర్చుగల్ వాళ్ళు 1444లోనే లాగూష్ రేవులో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన 235 మందిని ఒక్కరోజు పంచుకున్నారు. తల్లిని ఒకడికి, బిడ్డని ఒకడికి. దాన్ని ఆస్థాన చరిత్రకారుడే రాసిపెట్టాడు. 1551 నాటికి లిస్బన్‌లో ఉన్న లక్షమందిలో దాదాపు 10 వేలమంది బానిసలని అప్పటి లెక్క. ఆ 1551లోనే రోములో లుసితానో పాటల పుస్తకం అచ్చయింది. మోటెట్లు 23. మోటెట్ అంటే చర్చిలో లాటిను మాటలకి అనేక గొంతుల్లో కట్టే పాట.

అదే ఏడు జూన్‌లో రోములో ఆయనకీ నికొలా విచెంతీనో అనే ఇటలీ సంగీతకారుడికీ పందెం పడింది. పాతకాలపు గ్రీకులు స్వరాల నడకని మూడు రకాలుగా విభజించారు. మనం ఇప్పుడు పాడే పాటలో ఆ మూడూ కలిసి ఉన్నాయని విచెంతీనో వాదన. కాదు, ఒక్క రకమే ఉందని లుసితానో. పందెం రెండు బంగారు నాణేలు. తీర్పరులు పోపు గాయకమండలిలో జీతానికి పాడే ఇద్దరు గాయకులు, ఎస్కొబెదొ, డాంకర్ట్స్. విచెంతీనో ఒక కార్డినల్ కొలువులో ఉన్నవాడు. అంత అండ ఉన్నవాడి ఎదుట లుసితానో నిలబడ్డాడు. తీర్పు లుసితానో పక్షాన వచ్చింది. విచెంతీనో డబ్బు కట్టాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నాలుగేళ్ళ తర్వాత 1555లో విచెంతీనో పెద్ద సిద్ధాంత గ్రంథం అచ్చేశాడు. అందులో ఆ పందెం కథని తనకి అనుకూలంగా తిప్పి రాసుకున్నాడు. తీర్పరి డాంకర్ట్స్‌కి మండిపోయింది. జరిగింది జరిగినట్టు రాసి ఖండించాడు. కానీ ఆయన రాసింది అచ్చుకి పోలేదు, రాతప్రతిగానే ఉండిపోయింది. ఓడినవాడి మాట అచ్చులో తిరిగింది. గెలిచినవాడి తరఫు మాట బీరువాలో ఉండిపోయింది. ఇది మనకు కొత్తా? మన ఊళ్ళో పంచాయితీ ఎవరు గెలిచారో ఎవరి రిజిస్టర్లో చూసి చెబుతున్నాం?

రోములో ఆయనకి స్థిరమైన కొలువు దొరికిన జాడ లేదు. పాఠాలు చెప్పుకుని బతికాడు. సంగీతం నేర్చుకునేవాళ్ళ కోసం 1553లో ఒక వాచకం వేశాడు, అది రెండుసార్లు తిరిగి అచ్చయింది. ఆ తర్వాత కేథలిక్ మతం వదిలి ప్రొటెస్టెంటు అయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు. 1561లో జర్మనీలోని వుర్టెంబర్గ్ సంస్థానంలో ఆయన కోసం ఒక సిఫారసు ఉత్తరం కనిపిస్తుంది. ఒక పాటకి డబ్బిచ్చిన పద్దు కనిపిస్తుంది. ఆ పద్దుతో కథ ఆగిపోతుంది. మతం మార్చుకుని, కొత్తచోట బతుకుతెరువు వెతుక్కుంటూ కనుమరుగైన మనిషి. ఇది చదివినప్పుడు మా తాతలు గుర్తుకురాకుండా ఎట్లా ఉంటారు?

లుసితానో అంటే "పోర్చుగల్ వాడు" అని అర్థం, అంతే. మరి మా అమ్మాయి "మనలాంటోడంట" అని ఎందుకు రాసింది? ఒక్క మాట వల్ల. 17వ శతాబ్దంలో జుఆవ్ ఫ్రాంకు బరేతు అనే ఆయన పోర్చుగీసు రచయితల మీద ఒక పెద్ద రాతప్రతి తయారుచేశాడు. అందులో విసెంతె లుసితానోని "పర్దు" మనిషి అన్నాడు. పర్దు అంటే ఆ రోజుల్లో ఆఫ్రికా రక్తం కలిసిన చామనచాయ మనిషిని పిలిచే మాట. 18వ శతాబ్దంలో బర్బోజా మషాదు అనే ఇంకో పండితుడు ఆ రాతప్రతిని ముందు పెట్టుకునే తన గ్రంథం అచ్చేశాడు. లుసితానో పేరుంచాడు. పుట్టినూరు ఒలివెన్సా అని ఇచ్చాడు. పుస్తకాల సంగతి చెప్పాడు. "పర్దు" అనే మాట ఒక్కటి రాయలేదు.

అది చదివినప్పుడు సావనీరు తీసి పక్కన పెట్టుకున్నాను. పేరుంది, ఊరుంది, పాటుంది. మాట లేదు.

ఆ మాటని మళ్ళీ బయటికి తెచ్చింది అమెరికా పరిశోధకుడు రాబర్ట్ స్టీవెన్‌సన్. 1962లో లుసితానో జీవితం మీద వ్యాసం రాశాడు. 1982లో ఆయన్ని పాటలు అచ్చయిన మొట్టమొదటి నల్లజాతి స్వరకర్తగా నిలబెడుతూ ఇంకోటి రాశాడు. ఒక్క మాట ఆధారంగా ఇంత చెప్పొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. అడగొచ్చు, తప్పులేదు. బరేతు ఆయన్ని చూసినవాడు కాదు, తర్వాతి శతాబ్దంవాడు. నేను తిరిగి అడిగేది ఒకటే. ఆ మాటకి బలం లేదనుకుంటే, బలం లేదని రాసి ఉంచాల్సింది. చెప్పాపెట్టకుండా వదిలేయడం పరిశోధన అవుతుందా? మాట ఉంటే వాదించుకోవచ్చు. తీసేస్తే వాదానికి కూడా చోటు లేదు.

మాట దొరికాక కూడా పాట వెంటనే లేవలేదు. వ్యాసాలు లైబ్రరీల్లో ఉన్నాయి, గొంతులు లేవు. 2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు చంపాక, అన్ని చోట్లా లేచిన ప్రశ్న సంగీతశాలల్లోనూ లేచింది. మనం ఎవరి పాట పాడుతున్నాం, ఎవరిది పాడటం లేదు? ఆ తర్వాతే లుసితానో పేరు నలుగురి నోట్లో పడింది. 2022లో జోసెఫ్ మెక్‌హార్డీ ఈ పాటల్ని చినెకె వాయిసెస్ అనే బృందం చేత పాడించాడు. నల్లజాతి సంగీతకారుల కోసం 2015లో బ్రిటన్‌లో మొదలైన సంస్థ వాళ్ళది. అదే ఏడు మేరియన్ కన్సార్ట్ ఆల్బమ్ వచ్చింది. అందులో హేవు మే దోమినే అనే పాట ఉంది. "అయ్యో ప్రభువా" అని మొదలవుతుంది. స్వరం పక్క స్వరానికి కూడా పూర్తి అడుగు వేయకుండా అరడుగు అరడుగు జరుగుతుంది. అట్లాంటి చోట శ్రుతి నిలపడం చాలా కష్టం. అరువు గొంతులతో అయ్యే పని కాదు. కూలి ఇచ్చి, కూర్చోబెట్టి, పదిసార్లు పాడించుకుంటే తప్ప లేవదు.

మనవాళ్ళు ఈ కూలి సంగతి పట్టించుకోరు. "పాట ఉద్యమం కోసం", "పాట దేవుడి కోసం" అంటాం. బాగానే ఉంది. కానీ మన దగ్గర ఊరు పాటకీ వాయిద్యానికీ కూలి ఎగ్గొట్టింది ఈ మాటలతోనే గదా. పెళ్ళికీ పీనుగుకీ జాతరకీ డప్పు కొట్టించుకుని, అది నీ కులధర్మం అని చెప్పి చాటెడు గింజలు పోశారు. దానికే వెట్టి అని పేరు. యూరప్‌లో పోపు దగ్గర పాడినవాడికి ఆ రోజుల్లోనే జీతం ఉంది. లుసితానో పాటకి డబ్బిచ్చిన పద్దు ఉండబట్టే ఆయన 1561 దాకా బతికున్నాడని మనకి తెలిసింది. కూలి పద్దు కూడా చరిత్రే. పద్దు లేనివాడికి చరిత్రా లేదు.

ఈ కథంతా తీసుకుని 2024లో మళ్ళీ చర్చి కమిటీ దగ్గరికి పోయాను. కొత్త పాటల పుస్తకం వేస్తున్నారు. లుసితానో సంగతి చెప్పాను, ఫోన్లో పాట వినిపించాను. "మాలపల్లెలో పుట్టి" అని ఉన్నదున్నట్టు వేస్తేనే పెదనాయన పాట ఇస్తానన్నాను. చాలాసేపు వాదన జరిగింది. పదేళ్ళ కిందట భయపడ్డ ఆయన ఈసారి, "వేయండి, ఎన్నాళ్ళు దాస్తాం" అన్నాడు. ఒప్పుకున్నారు. గెలిచాననుకున్నాను.

మీటింగు అయ్యాక మాదిగపల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నా దగ్గరికొచ్చింది. "మాటలు మీ పెదనాయనవే అయ్యా. వరసెవరిది?" అని అడిగింది.

నాకు కాళ్ళల్లో వణుకొచ్చింది. ఎందుకంటే నాకు తెలుసు. కోతల పాట నేర్పేటప్పుడు పెదనాయన బల్లమీద వేళ్ళతో దరువేసి చూపించేవాడు. "ఇది డప్పు నడకరా. కళ్ళంలో విన్నా" అనేవాడు. ఆసామి కళ్ళంలో ఆయన పాలేరు. అక్కడ డప్పు కొట్టి ఆ వరస పాడినవాడు ఆ ముసలమ్మ మామ. పెదనాయన అది విని, చర్చి మాటలు పెట్టి, నాలుగు గొంతులకు సర్దాడు. డప్పుని మాత్రం మా చర్చి లోపలికి రానివ్వలేదు. చావు వాయిద్యం అన్నాం. డోలక్ తెచ్చుకున్నాం. అగ్రవర్ణాలు మమ్మల్ని అన్న మాటల్నే మేం తిప్పి మాదిగోళ్ళని అన్నాం.

నా పేజీలో "మాల" అనే మాట పోయిందని తొమ్మిదేళ్ళు లోపల కుమిలాను. నేను రాసిన పేజీలో "మాదిగ" అనే మాట అసలు పడనే లేదు. దాన్ని ఏ కమిటీ కొట్టేయలేదు. నేనే రాయలేదు. బర్బోజా మషాదుని తిట్టుకున్న నోటితోనే ఆ సంగతి ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆయన పేరు చెప్పమ్మా, పుస్తకంలో ఎక్కిస్తానన్నాను. పక్కనే ఆమె మనవడున్నాడు. వాళ్ళ నాయన 1994లో దండోరా మొదలైనప్పటినుంచీ అందులో తిరిగినవాడు. "మా ముత్తాత పేరు మీరెక్కించొద్దు సార్" అన్నాడు ఆ కుర్రాడు. "ఎట్లా రాయాలో మేం మాట్లాడుకుంటాం. మీ పేజీ పక్కన మా పేజీ మేమే రాస్తాం." అందుకే ఆ పేరు ఈ వ్యాసంలో లేదు. మరిచిపోయి కాదు.

ఆ ఏడు కోతల పండక్కి డప్పులు చర్చి లోపలికి వచ్చాయి. వాయించిన నలుగురికీ ముందే కూలి మాట్లాడి, చర్చి లెక్కల పుస్తకంలో పేర్లతో పద్దు రాయించాను. దేవుడి పనికి కూలేంది మాస్టారూ అని ఒకరు గొణిగారు. రాయించాను. పెదనాయన పాట మొదలైంది. నేను ఎప్పటిలాగే అడుగున బేస్ పట్టుకున్నాను. ఆ దరువు మీద ఆ పాట నిలబడితే, నలభై ఏళ్ళకి పైగా మేం దాన్ని ఎంత నెమ్మదిగా, ఎంత తప్పుగా పాడుతున్నామో తెలిసొచ్చింది.

పాటల పుస్తకం ప్రెస్సుకి పోకుండా ఆపించాను. నా పేజీ ఎదురుగా ఒక పేజీ ఖాళీగా ఉంది. వాళ్ళు రాసి ఇచ్చాకే అచ్చు.